ఇసుక తీసేశాక పంపే చీపురు: వోర్టెక్ ఎంపీ40తో నాలుగేళ్ళు

అక్వేరియంలో నీళ్ళని కదిలించే పంపులు, ఎకోటెక్ మెరైన్ వాళ్ళ వోర్టెక్ ఎంపీ40లు రెండు 2021 ఏప్రిల్లో కొన్నాను. కొన్న వారానికే ఐదు స్టార్లు కొట్టి రివ్యూ రాసేద్దామనుకుని బద్ధకించాను. ఆ బద్ధకమే మంచిదైంది. మొదటి ఏడాది ఈ పంపు గురించి నేననుకున్నవాటిలో సగం తప్పు.

మా ట్యాంకు 120 గ్యాలన్లు, అంటే దాదాపు 454 లీటర్లు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, తొమ్మిది చేపలు. అడుగున ఇసుక లేదు, ఉత్త గ్లాసే. దీన్ని బేర్ బాటమ్ అంటారు. మా ఇంటికి భోజనానికొచ్చినవాళ్ళు ట్యాంకు ముందు నిలబడి "కింద ఇంకా ఏం వెయ్యలేదా?" అని అడుగుతారు. ఆ "ఇంకా" వినీ వినీ అలవాటైపోయింది. ఇది పంపు గురించిన రివ్యూయే. కానీ ఆ నేల సంగతి వదిలేస్తే పంపు సంగతి సగమే చెప్పినట్టవుతుంది.

2019లో ట్యాంకు పెట్టినప్పుడు నేనూ అందరిలాగే రెండంగుళాల తెల్ల ఇసుక పోశాను. బాగుండేది. ఇసుకలో దూరి పడుకునే మెలనూరస్ రాస్ చేప ఒకటుండేది. రాత్రి లైట్లు ఆరే పది నిమిషాల ముందే టంచనుగా ఇసుకలోకి వెళ్ళిపోయేది. మా పాప దానికి "నైన్ ఓ క్లాక్" అని పేరు పెట్టింది. నీళ్ళు తిప్పడానికి రెండు చవక పంపులు పెట్టాను, వాటి కంపెనీ పేరు చెప్పను. ఒకదాని అయస్కాంతం పైనున్న ప్లాస్టిక్ తొడుగు చిట్లి, లోపల తుప్పు పట్టి, నీళ్ళలోకి గోధుమరంగు కారడం మొదలయ్యేదాకా నాకు తెలియలేదు. తీసి పారేసి, అదే రకం ఇంకోటి కొన్నాను. అప్పటికి నా తెలివి అంతే.

తర్వాత 2021 ఫిబ్రవరి వచ్చింది. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఆ వారం గురించి చెప్పక్కర్లేదు. ఫ్రిస్కోలో మా వీధికి రెండు రాత్రులు కరెంటు లేదు, బయట మంచు. ట్యాంకులో 78 ఫారెన్‌హీట్ ఉండాల్సిన నీళ్ళు 64కి పడిపోయాయి. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, నీళ్ళు కాచి, ఖాళీ పాల డబ్బాల్లో పోసి, మూతలు బిగించి ట్యాంకులో తేలేశాం. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ గ్లాసు చుట్టూ కప్పాం. చలి సంగతి అలా కొంత చూసుకున్నాం కానీ, అసలు ప్రాణం తీసింది నీళ్ళు కదలకపోవడం. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. మామూలుగానే మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. ఆ కొద్దీ కూడా పైనీళ్ళు కదిలితేనే లోపలికి వెళ్తుంది. నేనూ మా ఆవిడా వంతులవారీగా స్టీలు చెంబుతో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పోస్తూ కూర్చున్నాం. తెల్లవారుజామున మూడింటికి ఆవిడ అంది: "మీరు సముద్రం పక్కనే పుట్టి పెరిగారు కదండీ, అక్కడ ఇది ఎవరు పోస్తారు?"

రెండో రోజు మధ్యాహ్నం కరెంటొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో ఘోరం జరిగింది. డబ్బాలు దించేటప్పుడు నా చెయ్యి తగిలి ఒక పంపు కిందికి వాలిపోయి ఉంది, నేను చూసుకోలేదు. అది తిరగడం మొదలవగానే నేరుగా ఇసుకని తవ్వింది. నిమిషంలో ట్యాంకంతా పాలలా తెల్లబడి, ఆ వెనకే నల్లటి పొగలాంటిది లేచింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. రెండేళ్ళుగా ఇసుక కింద పేరుకున్న మడ్డి అది. రాత్రంతా చలికి తట్టుకున్న చేపల్లో నాలుగు సాయంత్రానికి పోయాయి. నైన్ ఓ క్లాక్ బతికింది. తర్వాత దాన్ని ఇసుక ఉన్న ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చేశాను. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మార్చిలో ఇసుకంతా గొట్టంతో లాగేశాను, ఐదు బకెట్లు. కాకినాడ నుంచి అమ్మ వీడియో కాల్‌లో చూస్తూ ఉంది. "ఒరేయ్, మట్టినేలైతే రోజూ అలుక్కోవాలి. బండలైతే ఓ బకెట్టు నీళ్ళు కొట్టి తుడిచేస్తే అయిపోద్ది. నీకు అలికే ఓపికుందా?" అంది. లేదన్నాను. "మరింకేం, బండలే ఉంచు." ఇసుక పెట్టాలా వద్దా అని అప్పటిదాకా నేను చదివిన పేజీలన్నింటికంటే ఆ ఒక్క ప్రశ్న బాగా పనికొచ్చింది. ఇసుకని నిజంగా చూసుకునేవాళ్ళకి అది మంచిదే. అందులో పురుగులుంటాయి, సూక్ష్మజీవులుంటాయి, చేపల రెట్ట నుంచి వచ్చే నైట్రేట్‌ని ఆ సూక్ష్మజీవులు తినేస్తాయి. నేను చూసుకునేవాణ్ణి కాదు.

ఇసుక లేని రీఫ్, అంటే పగడాల ట్యాంకు, కొత్త ఫ్యాషనేమీ కాదు. బెర్లిన్ పద్ధతి అని జర్మన్లు ఎప్పుడో చేశారు. మంచి రాళ్ళు, నురగతో మురికిని లాగేసే స్కిమ్మర్ గట్టిది ఒకటి, దండిగా నీటి కదలిక, అంతే. తర్వాత మందపాటి ఇసుక పొర ఫ్యాషనొచ్చింది, మళ్ళీ పోయింది. పాతకాలం నుంచి హాబీలో ఉన్నవాళ్ళని ఈ సంగతి అడిగితే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఇక పంపు. ఇసుక ఉన్నంతకాలం నా పంపుల వేగం ఇసుక చేతిలో ఉండేది. కాస్త పెంచితే ఒకచోట గొయ్యి, ఇంకోచోట దిబ్బ. మా ఊరివాళ్ళకి ఇది కొత్త కాదు. కాకినాడ తీరంలో హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండబట్టి నీళ్ళు చెరువులా ఉంటాయి. కొంచెం ఉత్తరాన ఉప్పాడకి పోతే అడ్డేమీ లేదు, కెరటాలు ఇసుకతో ఆగకుండా రోడ్డునే మింగుతాయి. రాళ్ళు పోస్తూనే ఉంటారు, అవి కోస్తూనే ఉంటాయి. నేను పెంచాలనుకున్న కొమ్మ పగడాలు, అంటే అక్రోపోరాలు, కెరటాలు విరిగే చోట పెరిగే రకం. వాటికి ఉప్పాడ కావాలి. ఇసుక పోసి కాకినాడ పెట్టాను.

ఇసుక పోయాక ఆ అడ్డు పోయింది. ఇప్పుడెంత వేగంగానైనా తిప్పొచ్చు, తిప్పాలి కూడా. బేర్ బాటమ్‌లో నీళ్ళు నెమ్మదిగా తిరిగితే చేపల రెట్ట, మిగిలిన తిండి అంతా గ్లాసు మీద కళ్ళకి కట్టినట్టు పేరుకుంటుంది. ఇసుకైతే దాచిపెడుతుంది. గ్లాసు దాచదు.

ఎంపీ40 ఎందుకు? ముఖ్యమైన కారణం, దీని మోటారు నీళ్ళలో ఉండదు. గ్లాసుకి బయట మోటారు, లోపల ప్రొపెల్లర్, మధ్యలో గ్లాసు. రెండింటినీ అయస్కాంతాలే పట్టుకుంటాయి, బయటిది తిరిగితే లోపలిది తిరుగుతుంది. నీళ్ళలోకి వైరు పోదు, మోటారు వేడి పోదు. టెక్సాస్ ఎండాకాలంలో ట్యాంకు చల్లగా ఉంచడానికి తంటాలు పడేవాడికి ఆ రెండోది చిన్న విషయం కాదు. పెన్సిల్వేనియాలో లీహై యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఒక్కో పంపు గరిష్ఠంగా గంటకి 4,500 గ్యాలన్లు, దాదాపు 17,000 లీటర్లు తోస్తుందని పెట్టె మీద లెక్క. రెండూ పూర్తిగా తిప్పితే నా ట్యాంకులో నీళ్ళకి గంటకి 75 రెట్లు. కొమ్మ పగడాలున్న బేర్ బాటమ్‌కి అంత అవకాశం చేతిలో ఉండటం మంచిది. రోజంతా అంత వాడతామని కాదు.

ధర చెప్పకపోతే బాగుండదు. పన్నులతో రెండింటికీ ఎనిమిది వందల డాలర్లకి అటూ ఇటూ అయింది, బ్యాటరీ బ్యాకప్ కాకుండా. మా ఆవిడ బిల్లు చూసి ఏమీ అనలేదు. ఆ నెలలో ఆవిడ నగల షాపుకి వెళ్ళొస్తే నేనూ ఏమీ అనలేదు.

బిగించడం పావుగంట పని, వేళ్ళు జాగ్రత్త అంతే. రెండు ముక్కల్నీ దగ్గరికి తెస్తే అయస్కాంతాలు టప్పున అతుక్కుంటాయి. మధ్యలో నా చూపుడువేలు ఉంది. గోరు నల్లబడి మూడు నెలలు ఆ రోజుని గుర్తుచేసింది. పిల్లలున్న ఇంట్లో ఈ ముక్కల్ని బల్ల మీద వదిలేయకండి. గ్లాసు మందం కూడా చూసుకోండి. ఇది ముప్పావు అంగుళం దాకా పట్టుకుంటుంది, నాది అర అంగుళమే. పెద్ద ట్యాంకులకి దీని అన్న ఎంపీ60 ఉంది.

ఇంక అసలు కథకొస్తాను. మొదటి నెల నేను చేసింది ఏంటంటే, కుడి గోడకి ఒకటి, ఎడమ గోడకి ఒకటి, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో పెట్టాను. చూడ్డానికి ముద్దుగా, కవలపిల్లల్లా ఉన్నాయి. రెండు ప్రవాహాలూ ట్యాంకు మధ్యలో గుద్దుకునేవి. పైన నీళ్ళు ఉడుకుతున్నట్టు కనిపించేది, నాకు గర్వంగా ఉండేది. కింద మాత్రం మూడు చోట్ల మడ్డి చేరేది: ముందు మధ్యలో ఒక గుండ్రటి కుప్ప, రాళ్ళ వెనక రెండు. వేగం పెంచాను. కుప్పలు పోలేదు, జరిగాయి. ఇంకా పెంచితే ఒక చిన్న పగడం ముక్క ఊడి ఎగిరిపోయింది, నాలుగు రోజుల తర్వాత, పైనీళ్ళు ఫిల్టర్‌కి దిగే ఓవర్‌ఫ్లో పెట్టెలో దొరికింది. అప్పుడు పంపు మీద కోపమొచ్చింది. ఇంత డబ్బు పోసి కొంటే నేల కూడా శుభ్రం చేయదా అని.

తప్పు నా ఆలోచనలో ఉంది. మడ్డి ఎక్కడా చేరకూడదు, అంతా గాలిలో దుమ్ములా తేలుతూ ఫిల్టర్‌కి పోవాలి అనుకున్నాను. అది జరగదు. నాలుగు గోడలున్న పెట్టెలో ఎంత తిప్పినా ఎక్కడో ఒకచోట నీళ్ళు మెల్లగా ఉంటాయి, బరువున్నది అక్కడ దిగుతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చెత్తంతా మాయమైపోవాలని ఎవరూ అనుకోరు. ఒక మూలకి తోస్తారు, చేటలోకి ఎత్తుతారు. పంపు చీపురు. చేట నా చేతిలో ఉండాలి. నేను వెతకాల్సింది మడ్డి లేని ట్యాంకు కోసం కాదని, నా చెయ్యి అందే చోట మడ్డి చేరే ట్యాంకు కోసమని అర్థం కావడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఒక శనివారమంతా కూర్చున్నాను. ముందు రాళ్ళు మార్చాను. వెనక గోడకి ఆనించి గుట్టలా పేర్చినవాటిని తీసి, రెండు దీవులుగా విడదీసి, వెనక గోడకీ వాటికీ మధ్య నాలుగంగుళాల సందు వదిలాను. రాళ్ళని నేరుగా గ్లాసు మీద కాకుండా పొట్టి పీవీసీ గొట్టం ముక్కల మీద నిలబెట్టాను, కింద నుంచి కూడా నీళ్ళు పోతాయి. తర్వాత కుడివైపు పంపుని పైకి జరిపాను, నీటిమట్టానికి ఆరంగుళాల కింద. ఎడమవైపుదాన్ని కిందికి దించి, వెనక వైపుకి జరిపాను. వేగాలు కూడా వేరువేరు. ఇప్పుడేమవుతుందంటే, కుడి పంపు పైనీళ్ళని ఎడమ గోడకేసి తోస్తుంది. ఆ నీళ్ళు గోడకి తగిలి, కిందికి దిగి, నేల మీదుగా కుడివైపుకి తిరిగొస్తాయి. ఎడమ పంపు రాళ్ళ వెనక నుంచి అదే దిక్కులో తోస్తూ సాయం చేస్తుంది. అంతా కలిపి ఒక పెద్ద చక్రం. మడ్డి దొర్లుకుంటూ వచ్చి ముందు కుడి మూలలో ఇడ్లీ అంత మేర చేరుతుంది. ఒక్క చోటే.

రెండు రోజులకోసారి సన్న గొట్టంతో ఆ ఇడ్లీని లాగేస్తాను. గొట్టం రెండో చివర కిందున్న సంప్‌లోని, అంటే ఫిల్టర్ తొట్టిలోని, సంచిలో పెడతాను. మడ్డి సంచిలో ఆగుతుంది, నీళ్ళు తిరిగి ట్యాంకులోకే వస్తాయి. రెండు నిమిషాలు. పది రోజులకోసారి వంటింటి బాస్టర్‌తో, అంటే రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో, రాళ్ళ సందుల్లోకి నీళ్ళు చిమ్ముతాను, దాక్కున్నది బయటకొస్తుంది, చక్రం దాన్ని కూడా మూలకి మోసుకుపోతుంది. రెండు వారాలకోసారి 45 లీటర్ల నీళ్ళు మారుస్తాను. ఇసుక రోజుల్లో ఆదివారం మధ్యాహ్నమంతా దీనికే పోయేది.

పంపులో రకరకాల మోడ్‌లున్నాయి. రీఫ్ క్రెస్ట్ అంటే వేగం ఎక్కువగా, అడ్డదిడ్డంగా మారుతుంది. లగూన్ అంటే అదే పని, నెమ్మదిగా. నా భాషలో ఉప్పాడ, కాకినాడ. కుడివైపు రీఫ్ క్రెస్ట్, గరిష్ఠం 65 శాతం. ఎడమవైపు లగూన్, 45 శాతం. న్యూట్రియెంట్ ట్రాన్స్‌పోర్ట్ అనే మోడ్ ఉంది. దడదడా కొట్టి దిగినదాన్ని లేపి, ఆ తర్వాత పొడుగాటి ఊపుతో ఓవర్‌ఫ్లో వైపు తీసుకుపోవాలని దాని ఉద్దేశం. రాత్రి తిండి పెట్టిన గంటకి ఇరవై నిమిషాలు నడుపుతాను. ఇసుక ఉన్న ట్యాంకులో దీన్ని గట్టిగా వాడటం కష్టం. డబ్బులు వసూలైంది ఇక్కడే. తిండి పెట్టేటప్పుడు ఫీడ్ మోడ్ నొక్కితే పంపులు మెల్లబడతాయి, తిండి ఎగిరిపోదు. మిగతా మోడ్‌లు ఒకసారి చూసి వదిలేశాను. టైమింగులు మోబియస్ అనే కంపెనీ యాప్‌లో పెట్టుకోవచ్చు. ఒకసారి పగటి రెండింటికి పెట్టాల్సిన వేగాన్ని రాత్రి రెండింటికి పెట్టి ఇంటిల్లిపాదినీ లేపాను. అది యాప్ తప్పు కాదు.

శబ్దం గురించి. 65 శాతం లోపు మా హాల్లో టీవీ ఆపేసినా వినపడదు. 80 దాటితే సన్నటి మోత ఉంటుంది, ఎక్కువసేపు వింటే తల నొప్పి. ప్రొపెల్లర్ మీద సున్నం పేరుకున్నకొద్దీ తక్కువ వేగంలో కూడా గరగర మొదలవుతుంది. నేను దాన్ని అలారంలా వాడుకుంటాను, గరగరమంటే కడగాలని. దాదాపు పది వారాలకోసారి వస్తుంది. లోపలి ముక్కని తీసి, విడదీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో గంట నానబెడితే ఊదారంగు పెచ్చులు బుడగలొచ్చి ఊడిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో నాలుగు రుద్దులు చాలు. చాలామంది వెనిగర్ వాడతారు, అదీ పనిచేస్తుంది, ఇల్లంతా వాసన. అమ్మ చింతపండుతో ఇత్తడి బిందెలు తోమిందీ ఇలాంటి పులుపుతోనే. పంపులు రెండూ ఒకేరోజు కడగకండి. ఒకటి తిరుగుతుండగా రెండోది కడగండి.

నచ్చనివి ఉన్నాయి. ముఖ్యమైనది, దీన్ని పక్కకి వంచలేం. గ్లాసుకి అతుక్కుంటుంది కాబట్టి గ్లాసుకి ఎదురుగా నేరుగానే తోస్తుంది. జర్మన్ కంపెనీ టూన్జే పంపుల్లాంటివి బంతి గిన్నెలో కూర్చుని ఏ దిక్కుకైనా తిరుగుతాయి. ఒక మూలని గురిపెట్టి కొట్టాలంటే అవే మేలు. నేను దిక్కు మార్చాలంటే పంపునే జరపాలి, లేదా రాయిని జరపాలి. ఏడు నెలల నా తంటాలో సగం దీనివల్లే. దీనికి బదులుగా వచ్చేది ఏంటంటే, ప్రవాహం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. చవక పంపుల్లా ఒకచోట సూదిలా పొడవదు. ఇంకోటి, మోటారు బయట ఉండాలి కనుక గ్లాసు వెనక చోటు కావాలి. ట్యాంకుని గోడకి ఆనించి పెట్టేసినవాళ్ళు పక్కగోడలకే పెట్టుకోవాలి, అప్పుడు సోఫాలో కూర్చున్నవాళ్ళకి రెండు నల్ల డబ్బాలు కనిపిస్తూనే ఉంటాయి. మా ఆవిడ వాటిని "చెవులు" అంటుంది.

పంపు తప్పు కాని, నా తప్పులు కూడా రెండు రాయాలి. నా దగ్గర ఒక బబుల్ టిప్ అనిమోని ఉండేది, పువ్వులా కనిపించే సముద్రజీవి. వాటికి చోటు నచ్చకపోతే నడుచుకుంటూ పోతాయి. ఇది నేరుగా ఎడమ పంపులోకి నడిచింది. పొద్దున్న లేచేసరికి నీళ్ళు మజ్జిగ. స్పాంజి కవర్లు దొరుకుతాయి, పెట్టుకోవాల్సింది. రెండోది, టార్చ్ కోరల్‌ని కుడి పంపుకి ఎదురుగా పెట్టాను. కండ ఎక్కువగా ఉండి, వేళ్ళు ఊపే రకం అది. రాయిలాంటి దాని సొంత అస్థిపంజరం అంచుకే కండ రాసుకుని చిరిగి, వారంలో పోయింది. ఉప్పాడ అందరికీ పడదు. ఇప్పుడు అలాంటివన్నీ ఎడమ దీవి నీడలో కిందగా ఉన్నాయి.

బేర్ బాటమ్ వల్ల వచ్చిన తలనొప్పి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నన్ను నమ్మి ఇసుక తీసేసినవాళ్ళు తిడతారు. ఆ చక్రం కుదిరాక వచ్చిన మొదటి వేసవిలో నేలని అంత శుభ్రంగా ఉంచాను, స్కిమ్మర్‌ని అంత గట్టిగా నడిపాను, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయాయి. నీళ్ళు పరీక్షించే కిట్‌లో రంగే రావట్లేదని సంబరపడ్డాను. మూడు వారాల్లో నేల మీదా రాళ్ళ మీదా గోధుమరంగు చీమిడిలాంటిది, బుడగలతో. డైనోఫ్లాజెల్లేట్లు, కంటికి కనపడని ఏకకణ జీవుల గుంపు. ఎంత తుడిచినా మర్నాటికి తయారు, నత్తలు దాన్ని తిని చచ్చాయి. తిండి పెంచి, సీసాలో నైట్రేట్, ఫాస్ఫేట్ కొని పోసి, యూవీ లైటు పెట్టి, రెండున్నర నెలలు కుస్తీపట్టాక పోయింది. ఇప్పుడు లీటరుకి మిల్లీగ్రాముల్లో నైట్రేట్ 5 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉండేలా చూసుకుంటాను. చేపలకి మూడు పూటలా భోజనం. పంపుంది కదా, మూలకి అదే తోస్తుంది.

ఇంకో నిజం, ఇసుకలో బతికే ప్రాణులన్నీ మనకి దూరమవుతాయి. నస్సారియస్ నత్తలుండవు, ఇసుక నమిలే గోబీ చేపలుండవు, నైన్ ఓ క్లాక్ లాంటివి ఉండవు. వెల్లకిలా పడితే లేవలేని ఆస్ట్రేయా రకం నత్తలు నున్నటి గ్లాసు మీద పాపం కాళ్ళు పైకెట్టిన తాబేళ్ళే, ట్రోకస్ రకం కొనండి. అందం అంటారా, మొదటి ఏడాది ఆసుపత్రి గదిలా ఉంటుంది. రెండో ఏడు దాటాక ఊదారంగు కొరలిన్, అంటే సున్నంలా గట్టిపడే నాచు, నేలంతా కప్పేసింది. ఇప్పుడు గ్లాసు కనిపించేది ఆ కుడి మూలలోనే, నా గొట్టం రాసుకుని రాసుకుని.

బ్యాటరీ బ్యాకప్ విడిగా కొన్నాను, 2021 తర్వాత అది లేకుండా ఉండే ధైర్యం నాకు లేదు. కరెంటు పోగానే పంపు దానంతటదే బ్యాటరీ మీదికి మారి, తక్కువ వేగంతో తిరుగుతూనే ఉంటుంది. 2024 మే నెల చివర్లో గాలివానకి మా వీధిలో ఆరు గంటలు కరెంటు పోయింది. నేను ఆఫీసులో ఉన్నాను. గుండె ఆగినంత పనై ఇంటికొచ్చి చూస్తే చీకట్లో రెండు పంపులూ మెల్లగా తిరుగుతున్నాయి, చేపలు రాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాయి. స్టీలు చెంబు ఇంకా సంప్ పక్కనే మేకుకి వేలాడుతోంది, తీయలేదు.

హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి మెసేజీలు వస్తుంటాయి, అక్కడ కూడా ఇలా పగడాల ట్యాంకు పెట్టుకోవచ్చా అని. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులి కూడా ఉన్న షెడ్యూల్ అది. కాబట్టి షాపువాడు ఏం చెప్పినా ఆ జోలికి పోకండి. ఉప్పునీళ్ళ చేపలతో, పేర్చిన రాళ్ళతో ట్యాంకు పెట్టుకునేవాళ్ళకి మాత్రం నేల గురించి, చీపురు గురించి రాసినదంతా పనికొస్తుంది. ఎంపీ40యే అక్కర్లేదు. పైన ఒకటి, కింద ఒకటి, వేరువేరు వేగాలు, వెనక సందు.

ఐదుకి నాలుగిస్తాను. ఒకటి తగ్గించింది మెడ తిరగనందుకు, కొంత ధరకి కూడా. రెండడుగుల లోపు చిన్న ట్యాంకైతే ఇది కొనకండి, ఎంపీ10 అని తమ్ముడున్నాడు. మెత్తటి పగడాలే పెంచుతూ ఇసుక ఉంచుకునేవాళ్ళకి కూడా ఇంత డబ్బు పెట్టాల్సిన పని లేదు.

సెకండ్ హ్యాండ్‌లో చాలా దొరుకుతాయి, హాబీ మానేసేవాళ్ళు ముందు అమ్మేవి ఇవే. కొనేముందు లోపలి ముక్కని విడదీయించి చూడండి. అయస్కాంతం మీద తొడుగు ఉబ్బినా, గీతలాంటి చీలిక ఉన్నా, తుప్పు మరక కనిపించినా ఆ ముక్క వద్దని చెప్పండి, అది విడిగా కొత్తది దొరుకుతుంది. తర్వాత బకెట్లో నీళ్ళు పోయించి, తక్కువ వేగంలో ఐదు నిమిషాలు తిప్పించి వినండి. గరగర ఉంటే, నిమ్మ ఉప్పులో నానబెట్టాక మళ్ళీ ఒకసారి వినిపించమనండి. ఒప్పుకోకపోతే బేరం ఆపి వచ్చేయండి.